అరవై దాటాక మలబద్ధకం: ముందు మందుల చీటీ చూడండి

సంపాదకుల వారికి,

చెన్నైలో మన తెలుగు పెద్దలు చాలామంది విరేచనం సాఫీగా కాకపోతే నేరుగా మెడికల్ షాపుకే వెళతారు. అంతకన్నా ముందు రోజూ వేసుకునే మాత్రలు చూడాలి. ఐరన్, కాల్షియం, బీపీకిచ్చే వెరాపమిల్, నొప్పులకిచ్చే ట్రామడాల్ వల్ల మలబద్ధకం రావచ్చు. సొంతంగా మానేయకండి, చీటీ డాక్టరుకి చూపించండి. థైరాయిడ్ పనితీరు తగ్గినా ఇదే బాధ.

ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచాను నిండు గ్లాసు, అంటే సుమారు 240 మి.లీ. నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. రెండు గుక్కలతో మింగితే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడవచ్చు. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్లు తగ్గించమన్నవారు అడక్కుండా వాడకూడదు. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రాత్రే కాలేదని మోతాదు పెంచితే కడుపుబ్బరమే మిగులుతుంది.

కొన్నాళ్లు అసలు కాక, తర్వాత నీళ్లలా కారుతుంటే విరేచనాలు పట్టుకున్నాయనుకుని, వాటిని ఆపే లోపెరమైడ్ మాత్ర వేసేస్తారు. గట్టిపడ్డ మలం పక్కనుంచి నీరు జారుతున్నప్పుడు ఆ మాత్ర ఇంకా బిగిస్తుంది.

కొత్తగా వచ్చిన మార్పు మూడు వారాలు దాటినా, రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అవసరమేమో డాక్టరును అడగండి. ‘మొలలేలే’ అని సర్దుకోవద్దు. మొలలున్నవారికి పేగు క్యాన్సర్ రాదన్న హామీ ఎవరిచ్చారు? కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే విరేచనం అవడానికి మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

— ఇద్దరు వైద్యులు, మాంబళం, చెన్నై