పగలంతా ఊళ్ళో ఉండేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

నగరం చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఇల్లు తీసుకుంటే బాగుంటుందని మీ ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు వేశారు. ప్రతి ఊరి పేరు పక్కనా నగరానికి ఎన్ని నిమిషాలో ఒక అంకె. చదివినవాళ్ళు ఆ వరసలో చిన్న అంకె ఏదో చూసుకుని బయానా ఇవ్వడానికి బయలుదేరుతారు.

నేను నగర ప్రణాళిక విభాగంలో పటాలు గీసి రిటైరైన మనిషిని. అలాంటి అంకెలు ఎక్కడ పుడతాయో బాగా తెలుసు. తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, కారులో, ఊరి చివర నుంచి నగరం మొదలు దాకా. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చునేదాకా లెక్కేస్తే రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. పోనీ, ఆ అంకె అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పటికీ అది ఇంట్లో ఒక్కరికే పనికొస్తుంది, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే మనిషికి. మిగిలినవాళ్ళు పగలంతా ఆ ఊళ్ళోనే ఉంటారు. పిల్లలు, పెద్దవాళ్ళు, ఇంటి దగ్గర్నుంచే పనిచేసుకునేవాళ్ళు. చిత్రమేమిటంటే, ఊరు ఎంచుకునేది మాత్రం ఎప్పుడూ ఆ వెళ్ళొచ్చే మనిషే.

మా తమ్ముడు ఇప్పుడు ఇల్లు వెతుకుతున్నాడు. పటాలు చదవడం వచ్చని నన్నూ వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు. ఒక ఊరు వాడికి తెగ నచ్చింది. "స్టేషన్‌కి పది నిమిషాల నడక అక్కా, ఇంకేం కావాలి?" అన్నాడు. సరే నడిచి చూద్దామని నేనూ, మా మరదలూ, వాళ్ళతోనే ఉండే ఆవిడ తల్లీ బయలుదేరాం. కాస్త దూరం ఫుట్‌పాత్ ఉంది. తర్వాత అది ఒక ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి రోడ్డు మీదికి దిగి, లారీల పక్కనుంచి ఒకరి వెనక ఒకరం నడిచాం. స్టేషన్‌లోకి పోవాలంటే పట్టాల అవతలికి దాటాలి, దానికి ఎత్తయిన వంతెన, దానికి మెట్లు తప్ప వాలుదారి లేదు. పెద్దావిడ మొదటి మెట్టు దగ్గరే నిలబడి పైకి చూసింది. "అమ్మాయ్, మీరు ఈ ఊరే తీసుకోండి, నాకేం. ఎటూ నేను గడప దాటేది లేదుగా" అంది. కోపంగా కాదు, మామూలుగానే. మా మరదలు మాట్లాడలేదు. తమ్ముడు ఫోన్‌లో ఏదో చూసుకున్నాడు.

స్టేషన్‌లో గోడ మీది పట్టిక చదివాను. పొద్దునా సాయంత్రం రద్దీవేళల్లో బళ్ళు ఒకదాని వెనక ఒకటి. పదకొండు దాటితే గంటకొకటి. నగరంలోని పెద్దాసుపత్రికో, కాలేజీకో, స్నేహితురాలి ఇంటికో మిట్టమధ్యాహ్నం వెళ్ళాల్సినవాళ్ళ సంగతి ఆ పట్టిక వేసినవాళ్ళకు పట్టలేదు. మీ అనుబంధంలోనూ ఆ ఊరికి 'రైలు సౌకర్యం కలదు' అని ఒక్క ముక్క ఉంది.

దీన్ని వందేళ్ళ కిందటే పట్టించుకున్న వ్యాపారి ఒకాయన ఉన్నాడు. జపాన్‌లో ఒసాకా నుంచి బయటికి 1910లో కొత్త ఎలక్ట్రిక్ రైలుమార్గం నడిపిన కోబయాషి ఇచిజో. ఆ ఏడే ఇకెదా అనే చోట ఇళ్ళ కాలనీ వేసి, వాయిదాల మీద కట్టుకోమని ఉద్యోగులకు అమ్మాడు. ఉద్యోగులతో బళ్ళు పొద్దున నగరంవైపు నిండిపోతాయి, మరి అటునుంచి ఖాళీగా పోతే ఎలా? అందుకని మార్గం అవతలి కొసల్లో జంతుప్రదర్శనశాల, వేడినీటి స్నానశాల పెట్టాడు, తర్వాత నాటకశాల. నగరం కొసన 1929లో పెద్ద దుకాణం తెరిచాడు. లాభం కోసమే చేశాడు, అందులో దాపరికం లేదు. కానీ సెలవురోజైనా పనిరోజైనా రెండువైపులా ఎక్కే మనుషులుంటేనే బళ్ళు తరచుగా తిరుగుతాయి, ఇంట్లో ఉన్నవాళ్ళకు అవి అందుతాయి. ఊరి నుంచి బయటికెళ్ళే జనమే తప్ప ఆ ఊరికి వచ్చే జనం లేకపోతే మధ్యాహ్నం బండి వేసేవాడెవరు? అందుకే మా తమ్ముడితో అన్నాను, ఊరు చూడ్డానికి పోయినప్పుడు పొద్దున్నే నగరం నుంచి వచ్చే బండిలోంచి ఎంతమంది దిగుతున్నారో చూడమని. టీచర్లు, నర్సులు, బ్యాంకువాళ్ళు నలుగురైనా దిగుతుంటే అక్కడ ఏదో ఉన్నట్టు.

ఊరంటే పడకగది ఒక్కటే కాకూడదన్న ఆలోచన ఇంకా పాతది. 1898లో ఇంగ్లండ్‌లో ఎబినీజర్ హోవార్డ్ ఉద్యానవన నగరాల పథకం రాశాడు. ఆయన ఇంజనీరూ కాదు, ఆర్కిటెక్టూ కాదు, పార్లమెంటు ప్రసంగాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే ఉద్యోగి. (మా ఆఫీసులో డ్రాఫ్టింగ్ సెక్షన్‌ని చిన్నచూపు చూసేవాళ్ళకు ఈ సంగతి చెబుతుండేదాన్ని.) 6,000 ఎకరాలు తీసుకుని అందులో 1,000 ఎకరాల్లోనే ఊరు కట్టాలి, చుట్టూ పొలాలు ఉండాలి, జనం 32,000 మించకూడదు, ఫ్యాక్టరీలూ అంగళ్ళూ ఊళ్ళోనే ఉండాలి అన్నాడు. 1903లో లెచ్‌వర్త్‌లో పని మొదలైంది. తర్వాత స్వీడన్‌లో స్టాక్‌హోమ్ వాళ్ళు తమ నగరం శివారున వెల్లింగ్‌బీ అనే ఊరు కట్టారు. ఇల్లు, పని, బజారు మూడూ ఒకేచోట అన్నది వాళ్ళ సూత్రం. 1954లో ఊరి నడిబొడ్డు ప్రారంభించేనాటికి మెట్రో వచ్చి రెండేళ్ళయింది. అనుకున్నంతమంది అక్కడే ఉద్యోగాలు చేయలేదు, చాలామంది నగరానికి పోయి వస్తూనే ఉన్నారు. అయినా పోనివాళ్ళకు బజారు, స్టేషన్ నడిచిపోయే దూరంలో ఉండిపోయాయి.

కొత్త రోడ్డు పడుతుంది, అప్పుడు చిటికెలో వెళ్ళిపోవచ్చని బ్రోకర్లు చెప్పే మాట గురించి ఎక్కువ రాయను. రద్దీవేళ రోడ్డును ఎంత పెంచితే రద్దీ అంత పెరిగి దాన్ని నింపేస్తుందని ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే రాశాడు. ధర గురించి కూడా ఒక్క మాటే. చికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చునీ ప్రయాణాల ఖర్చునీ కలిపి చూసి, రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం లోపు ఉంటేనే ఆ చోటు భరించగలిగినట్టు అని లెక్క పెట్టుకుంది. దూరాన చవగ్గా వచ్చిన ఇంటికి ఇద్దరికీ రెండు బళ్ళు కొనాల్సి వస్తే ఆ చవక ఏమైనట్టు?

నేను పట్టుబట్టే విషయం నీళ్ళు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలతోనే గడిచింది. ఒక ఊరి పాత పటం తెచ్చి, కొత్త లేఅవుట్ పటం దానిమీద పరిస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది. పాతదాంట్లో నీలం రంగు ఉన్నచోట కొత్తదాంట్లో ప్లాట్ల నంబర్లు ఉంటాయి. పటం దొరక్కపోతే కళ్ళు చాలు. చుట్టూ అంతా చదునుగా ఉన్నచోట రోడ్డు కారణం లేకుండా వంపు తిరిగిందంటే, అది వేసిననాటికి అక్కడ చెరువో కుంటో ఉండి ఉండొచ్చు. ప్రహరీల మీద మోకాలెత్తున అడ్డంగా మట్టిచార ఉందేమో చూడాలి. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం గేట్ల దగ్గర దొరుకుతుంది. తమ్ముడికి నచ్చిన ఆ ఊళ్ళోనే ఒక వీధిలో వరసగా అన్ని ఇళ్ళవాళ్ళూ గేటు అడుగున రెండేసి ఇటుకల ఎత్తు అడ్డుకట్ట కట్టుకున్నారు. బండి లోపలికి పెట్టాలంటే దానిమీద చెక్కపలక వేసుకోవాలి. ఊరికే ఎవరూ రోజూ అంత అవస్థ పడరు. అదేమిటని అడిగితే బ్రోకరు "అందం కోసమండీ" అన్నాడు! అదే వీధిలో వేసవిలో ట్యాంకర్లు తిరుగుతాయని పక్కింటావిడ చెప్పింది. వానాకాలం ముంచే నీళ్ళకూ వేసవిలో దొరకని నీళ్ళకూ చుట్టరికం ఉంది. కుంటను పూడ్చాక వాన నీరు ఇంకే చోటు లేక వీధిలో నిలుస్తుంది, భూమిలోకి పోనిది బోర్లలోకి రాదు. ఆ రెండుసార్లూ ఇంట్లో ఉండి అవస్థ పడేది పగటిపూట మనుషులే.

తమ్ముడు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఇంతకంటే దూరంగా ఉన్న ఇంకో ఊరు మా మరదలి మనసులో ఉంది. అక్కడ లైబ్రరీకీ డాక్టరు దగ్గరికీ వాళ్ళమ్మ ఒక్కతే నడిచివెళ్ళగలదు. ప్రయాణం తనకు ఇంకాస్త పెరుగుతుందని వాడు గొణుగుతున్నాడు. ఆ గొణుగుడు అన్యాయమేమీ కాదు. రోజూ నిలబడి ప్రయాణం చేయాల్సింది వాడే కదా. ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం అది.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి ఊళ్ళ పట్టిక వేసినప్పుడు నిమిషాల పక్కన ఇంకో నాలుగు గడులు పెట్టండి. మధ్యాహ్నం బస్సో రైలో ఎంతసేపటికొకటి, రాత్రి నగరం నుంచి ఆఖరి బండి ఎన్నింటికి, తొమ్మిది దాటాక తెరిచి ఉండే మందుల దుకాణం ఉందా, వేసవిలో నీళ్ళు ఎక్కడివి. విలేకరిని పంపేటప్పుడు మాత్రం ఆదివారం పొద్దున బ్రోకరు కారులో పంపకండి. పనిరోజున, మిట్టమధ్యాహ్నం, బస్సులో పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(నగర ప్రణాళిక విభాగంలో విశ్రాంత డ్రాఫ్ట్స్‌ఉమన్)