రాళ్ల సందుల్లో నాణేలు పెట్టమని రాయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఉత్తర ఐర్లాండ్‌లో సముద్రం ఒడ్డున రాతి స్తంభాలు నిండిన జెయింట్స్ కాజ్‌వే మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి కానీ, చివర్లో ‘రాతి సందులో ఒక నాణెం పెట్టి కోరిక కోరుకోండి’ అన్న సలహా చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను.

ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. కొండ అంచు మీది దారిలో నడిచి, షెపర్డ్స్ స్టెప్స్ అనే 162 మెట్లు దిగి, మోకాళ్లు పట్టేసి సముద్రం ఒడ్డుకు చేరాక, ముందువాళ్లు పెడుతున్నారు కదా అని నేనూ ఓ బిళ్ల దూర్చేశాను. అప్పుడు కనపడింది పక్క సందు. ఎవరో ఎప్పుడో పెట్టిన నాణెం ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది. కింద రాయి మీద తుప్పు చారలు. అంచున గోరంత పెచ్చు లేచి ఉంది, తాకితే ఊడి వచ్చేలా. నాది వెనక్కి తీద్దామంటే వేళ్లకు అందలేదు.

అక్కడివి దాదాపు 40,000 స్తంభాలు, సుమారు 6 కోట్ల ఏళ్ల నాటి లావా. చెరువు ఎండితే అడుగున బురద బీటలు వారుతుంది చూడండి, లావా కూడా చల్లారుతూ కుంచించుకుపోయి అలాగే బీటలు వారింది, కాకపోతే ఆ బీటలు కిందికంటా దిగి రాయిని స్తంభాలుగా విడదీశాయి. ఎక్కువగా ఆరు పలకలవే, ఐదు, ఏడు పలకలవీ ఉన్నాయి (లెక్కపెడుతూ కూర్చుంటే మావాళ్లు నన్ను వదిలేసి వెళ్లిపోయారు). అడ్డంగా కూడా పగుళ్లుంటాయి, అందుకే కొన్నిటి తలలు పళ్లెంలా గుంటపడి నీళ్లు నిలుస్తాయి. అల వచ్చి కొట్టినప్పుడు ఈ సందుల్లోని గాలి ఒత్తుకుపోయి రాయిని కొంచెం కొంచెంగా వదులు చేస్తుంది. సముద్రం చేస్తే అది దాని పని, మనం చిల్లర వేసి సాయం చేయక్కర్లేదు.

ఆ చోటును చూసుకునే నేషనల్ ట్రస్ట్ వాళ్లు 2025లో ఈ అలవాటు మానుకోమని అందరినీ అడిగారు. తుప్పు పట్టిన నాణెం మూడు రెట్ల దాకా ఉబ్బి రాతిని పగలదీస్తుందట. కొన్ని సందుల్లోంచి రాతిపనివాళ్లతో తీయించి చూశారు కూడా.

ఇంకొకటి, నీళ్లకు దగ్గరగా నల్లగా ఉన్న రాళ్లు బాగా జారుతాయి, అదీ మీ వ్యాసంలో లేదు. వచ్చే ఆదివారం ఈ రెండిటి మీద చిన్న సవరణ వేయండి, ఫొటో లేకపోయినా పర్లేదు.

– ఒక పాఠకుడు