బిల్లు సేవ్ కావడానికి ఆలస్యం ఎందుకైందో దొరికింది

మన బిల్లింగ్ యాప్ వాడుతున్న అందరికీ నమస్కారం.

పేమెంట్ నొక్కాక స్క్రీన్ తిరుగుతూనే ఉంటోందని, కౌంటర్ దగ్గర జనం ముందు ఇబ్బందిగా ఉందని ఈమధ్య చాలామంది ఫోన్ చేశారు. ఆ సమస్య తీరింది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు మీకు చెప్పాలి.

మన సర్వర్ నోడ్ జేఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ప్రాసెసర్ మీద లోడ్ లేదు, మెమరీ సరిపోతోంది, డేటాబేస్ చకచకా జవాబిస్తోంది. సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీని ఎప్పుడు అడిగినా ‘మా వైపు అంతా బాగుంది, మీ కోడ్ చూసుకోండి’ అన్నారు. ఒక్కో లైనూ సరిచూసుకుంటూ ఏళ్ల తరబడి రాసిన కోడ్ అది. ఆ మాట గట్టిగానే తగిలింది.

నోడ్‌లో ట్రేస్ ఈవెంట్స్ అనే సదుపాయం ఉంది. ఆన్ చేస్తే లోపల ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో మైక్రోసెకన్లతో సహా ఫైల్లో రాస్తుంది. టెస్ట్ సర్వర్‌లో సమస్య కనిపించడం లేదు కాబట్టి మీరు బిల్లులు కొడుతున్న సర్వర్‌లోనే ఆన్ చేయాలి. అక్కడే ఎటూ తేల్చుకోలేకపోయాను. ట్రేసింగ్ వల్ల సర్వర్ మీద ఎంతో కొంత భారం పడుతుంది, ఫైలూ త్వరగా పెరిగిపోతుంది. అసలే స్లో అని బాధపడుతున్న మీకు ఇంకా స్లో చేసి పెట్టడమా? పైగా మీ కస్టమర్ల వివరాలు ఆ ఫైల్లోకి రాకూడదు. అందుకే ట్రేసింగ్‌లో రిక్వెస్టుల వివరాలు రాసే హెచ్‌టీటీపీ కేటగిరీని వదిలేసి డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని నంబర్, చెప్పే వ్యవస్థ), ఫైల్ కేటగిరీలే తీసుకున్నాను. సర్వర్‌ను మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే కమాండ్ లైన్ ఫ్లాగ్‌తో ట్రేసింగ్ ఆన్ చేయాలంటే రీస్టార్ట్ తప్పదు. కోడ్‌లోనే స్విచ్ పెట్టుకుంటే కావాల్సినప్పుడు ఆన్ చేసి, చాలనుకోగానే ఆపేయొచ్చు. అలాగే చేశాను, రద్దీ వేళలోనే.

ఫైల్‌ను పెర్ఫెట్టో అనే, ట్రేస్‌లను బొమ్మగా చూపే టూల్‌లో తెరిచి చూస్తే మిగతా పనులన్నీ సన్నటి గీతలు. పేమెంట్ గేట్‌వే పేరుకు ఐపీ అడ్రస్ వెతికే ‘లుకప్’ మాత్రం పొడవాటి పట్టీ. 50 లక్షల మైక్రోసెకన్ల పైమాటే, అంటే 5 సెకన్లు. కాస్త అవతల ఇంకొకటి, అదే పొడవు. మన సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఒక డీఎన్ఎస్ సర్వర్ జవాబు కోసం మామూలుగా 5 సెకన్లు ఆగి, ఆ తర్వాతే రెండోదాన్ని అడుగుతుంది. హోస్టింగ్ వాళ్లిచ్చిన మొదటి డీఎన్ఎస్ సర్వర్ ఉండుండి పలకడం లేదన్నమాట. నోడ్ తనంతట తాను ఈ అడ్రస్‌లను దాచిపెట్టుకోదు, కొత్త కనెక్షన్ తెరిచినప్పుడల్లా మళ్లీ అడగాల్సిందే.

ఆ పట్టీల బొమ్మ హోస్టింగ్ కంపెనీకి పంపాక ‘పరిశీలిస్తున్నాం’ అని ఒక్క ముక్క వచ్చింది. నా కోడ్‌ను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను వాళ్ల కోసం ఆగలేదు. వేరే డీఎన్ఎస్ సర్వర్లు పెట్టాను, ఒకసారి దొరికిన అడ్రస్‌లను కాసేపు గుర్తుపెట్టుకునే డీఎన్ఎస్ క్యాష్‌ను మన మెషీన్‌లోనే నడుపుతున్నాను. హోస్టింగ్ కూడా మార్చేస్తున్నాను. ఇప్పుడు రేటు తగ్గిస్తామన్నా అక్కడ ఉండను.

మీ బిల్లుల్లో ఒక్కటీ పోలేదు. ట్రేసింగ్ ఆఫ్ చేసి, ఆ ఫైళ్లు చెరిపేశాను. మళ్లీ ఎప్పుడైనా స్క్రీన్ తిరుగుతూ ఉండిపోతే టైమ్ రాసి పంపండి, ఆ వేళకు స్విచ్ వేసి చూస్తాను.