టైర్ లైటు సంగతి తర్వాత, ముందు నాకు జవాబు చెప్పండి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. డిసెంబరు చలి మొదలైనప్పటి నుంచి నా కారు డ్యాష్‌బోర్డు మీద టైర్లో గాలి తగ్గిందని పసుపు లైటు వెలుగుతోంది. అయితే ఈ ఉత్తరం లైటు గురించి కాదు, మీ మనుషుల గురించి.

ముందు మీ కాల్ సెంటర్. తెలుగు కోసం రెండు నొక్కితే హిందీలో మాట్లాడే అమ్మాయి వచ్చింది. పోనీలెండి, ఆదిలాబాద్ వాళ్లకు హిందీ కొత్తేం కాదు. పొద్దున్నే లైటు వెలుగుతోంది, కాస్త దూరం నడిపి ఎండెక్కాక ఆరిపోతోంది అని చెప్పాను. "పంక్చర్ చూపించుకోండి సర్" అంది. పంక్చర్ అయితే ఎండెక్కగానే దానంతటదే పూడుతుందా అని అడిగేసరికి హోల్డ్‌లో పెట్టింది. ఆ హోల్డ్ మ్యూజిక్ ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు కూడా నోటికి వచ్చు. తర్వాత లైన్లోకి వచ్చినాయనకు మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి. ఆయన "తెలంగాణలో అంత చలేంటి సర్?" అని నవ్వాడు. అయ్యా, ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా పేపర్లో వచ్చే వార్తే. మీ ఆఫీసులో పేపర్ వేయించుకోండి.

ఇక నిర్మల్‌లోని మీ సర్వీస్ సెంటర్. ఇక్కడి నుంచి 80 కిలోమీటర్ల దాకా నడిపి వెళ్లాను. టైర్లు వేడి మీద ఉన్నాయి, గాలి ఒత్తిడి కొలిచే గేజ్ 37 పీఎస్ఐ చూపించింది. "ఎక్కువుంది సర్" అని గాలి తీసేసి 33కి సెట్ చేశారు. తెల్లారి లైటు ఇంకా ముందే వెలిగింది. మళ్లీ వెళ్తే మధ్యాహ్నం పూట చూసి జాబ్ కార్డు మీద "సమస్య కనబడలేదు" అని రాశారు. పొద్దున తీసిన ఫొటో చూపిస్తే "ఫొటో సిస్టమ్‌లో ఎక్కదు సర్" అన్నారు. ఇంకోసారి సెన్సర్లు పోయాయన్నారు, చెకింగ్ చార్జీ అని బిల్లు కూడా కొట్టారు.

చివరికి విషయం చెప్పింది మా బస్టాండ్ దగ్గర పంక్చర్ షాపాయన. "గాలి సల్లగున్నప్పుడు సూడాలె సార్, ఉరికొచ్చిన బండికి కాదు" అన్నాడు. డోర్ దగ్గర మీరే అంటించిన స్టిక్కర్ మీది 33 కూడా చల్లటి టైర్‌కే. అయిదారు డిగ్రీలు తగ్గితే సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది. మధ్యాహ్నం 28 డిగ్రీలు, తెల్లవారుజామున 8 డిగ్రీలు అయితే లెక్క మీరే వేసుకోండి. దానికి తోడు వేడి టైర్లోంచి మీ వాళ్లు తీసేసిన గాలి! ఆయన పొద్దున్నే సరిపడా గాలి కొట్టాడు, లైటు పోయింది. డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంత చిన్న ముక్క మీ దగ్గర ఒక్కరికీ తెలియదా, తెలిసీ చెప్పే ఓపిక లేదా?

ఇంతలో "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్. సున్నా ఇద్దామంటే లేదు, 1 ఇచ్చాను. అంతే, పది నిమిషాల్లో ఫోన్! "5కి మార్చండి సర్, మా ఇన్సెంటివ్ పోతుంది." మీ కంపెనీ తనంతట తాను నాకు ఫోన్ చేసింది ఆ ఒక్కసారే.

మా నాన్నగారు కొన్నది మీ బండే. నేను కొన్నదీ మీ బండే. మా బావమరిది వేరే కంపెనీ షోరూమ్‌లో అడ్వాన్సు కట్టబోతుంటే ఆపి మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే. ఇప్పుడు పండక్కి వచ్చినప్పుడల్లా నా మొహం చూసి నవ్వుతున్నాడు.

చెకింగ్ చార్జీ వెనక్కి ఇస్తారో లేదో మీ ఇష్టం, పేరున్న ఒక మనిషి సంతకంతో నాకు జవాబు రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆదిలాబాద్ వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేస్తాను. మా కాలనీలో ఈ ఏడాది కారు కొనాలనుకునే వాళ్లందరికీ ఈ ఉత్తరం కాపీ పంపుతున్నాను. దీనికి కూడా "పరిష్కరించబడింది" అని మెసేజ్ కొడితే దాన్నే ప్రింటు తీయించి కేసు కాగితాలకు జతచేస్తాను.

ఇట్లు,
ఇప్పటివరకు మీ కస్టమర్,
ఆదిలాబాద్