మా సింగ్‌నగర్ ఆడవాళ్లకు ఫోన్ నేర్పించండి: ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. మొన్న పక్కింటి పిన్నిగారు ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ నాలుగిళ్లలో పాచిపని చేస్తారు. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, నెట్ సెంటర్ అబ్బాయేమో చెప్పందే పని అవ్వదంటాడు. ఎవరి మాట వినాలమ్మా?" అన్నారు. పక్కన కూర్చుని ఆ ఆరంకెలు ఆవిడ చేతే నొక్కించాను. సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, రెండు మూడుసార్లు నొక్కితే గానీ అంకె పడలేదు. పని అయ్యాక ఆవిడ మొహం చూడాలి!

2025 జనవరిలో 'మన మిత్ర' వచ్చి వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతున్నాయి. మంచి పని. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లలో కాగితాలన్నీ నానిపోయిన మాకు దాని విలువ బాగా తెలుసు. కానీ వాడటం ఎవరు నేర్పాలి? 2017లో కేంద్రం తెచ్చిన డిజిటల్ సాక్షరతా పథకం పల్లెలకే. మా బస్తీలు దాని లెక్కలోకే రాలేదు.

వార్డు సచివాలయంలో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పాటు తరగతి పెట్టించండి. పనికెళ్లే ఆడవాళ్లకు వీలయ్యేది అప్పుడే. కంప్యూటర్లు అక్కర్లేదు, ఎవరి ఫోన్ మీద వాళ్లకే నేర్పాలి. ఫోన్ లేనివాళ్ల కోసం రెండు మూడు అక్కడ ఉంచితే చాలు. నేర్పేవాళ్లు ఫోన్ లాక్కుని తామే నొక్కేయకూడదు, ఇది ముఖ్యం. మొదటి పాఠం ఓటీపీ మోసాల గురించే ఉండాలి.

మా వీధిలో డిగ్రీ పిల్లలు సాయానికి సిద్ధంగా ఉన్నారు. నేనూ వస్తాను. మీరు గది తాళాలు ఇప్పించండి.

ఇట్లు,
సింగ్‌నగర్ వాసి