తలుపు మూసిన తర్వాత జరిగిన మాటలకు జవాబుదారీ ఎవరు?

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

ఈ నెల (2017 జూన్) 8వ తేదీన, మృగశిర కార్తె నాటి సాయంత్రం ఏడున్నరకు, ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) మాజీ డైరెక్టర్, గత నెలే అధ్యక్షుడు ట్రంప్ తొలగించిన జేమ్స్ కోమీ అమెరికా సెనేట్ నిఘా వ్యవహారాల కమిటీ ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని హన్మకొండలోని మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చివరిదాకా విన్నాను. కోమీ ఏం చెప్పారో, దానికి అధ్యక్షుడు ట్రంప్ ఏం బదులిచ్చారో, ఇద్దరిలో ఎవరిది పైచేయి అయిందో మరునాడు మీ పత్రికలో చదివాను. అయితే అంతకు ముందు రోజు అదే కమిటీ ముందు కూర్చున్న ఇద్దరు పెద్ద అధికారులు ఏం చెప్పకుండా దాటవేశారో, మొన్న 13వ తేదీన అటార్నీ జనరల్ (అమెరికా న్యాయశాఖ అధిపతి) జెఫ్ సెషన్స్ ఏ ప్రశ్నలకు జవాబివ్వకుండా లేచి వెళ్లారో నాకు అంత వివరంగా కనిపించలేదు. రెవెన్యూ శాఖలో ఫైళ్ల మధ్య ముప్పై నాలుగేళ్లు గడిపి రిటైరైన వాడిని కాబట్టి, చెప్పిన మాటల కంటే చెప్పని మాటల మీదికే నా దృష్టి పోయింది. ఆ సంగతే మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

7వ తేదీన వచ్చిన ఆ ఇద్దరు జాతీయ నిఘా విభాగాల డైరెక్టర్ డాన్ కోట్స్, జాతీయ భద్రతా సంస్థ డైరెక్టర్ అడ్మిరల్ మైక్ రోజర్స్. గత ఏడాది అమెరికా ఎన్నికల్లో రష్యా జోక్యంపై జరుగుతున్న దర్యాప్తు తీవ్రతను తగ్గించి మాట్లాడమని అధ్యక్షుడు మిమ్మల్ని అడిగారా అని సెనేటర్లు వారిని పదేపదే ప్రశ్నించారు. మాపై ఎన్నడూ ఒత్తిడి వచ్చినట్టు మాకు అనిపించలేదని వారు చెప్పారు. అడగడం వేరు, ఒత్తిడిగా అనిపించడం వేరు. అధ్యక్షుడు అడిగారా లేదా అన్నది ఒక గదిలో, ఒక తేదీన జరిగిన లేదా జరగని సంగతి; దానికి అవుననో కాదనో జవాబుంటుంది. ఒత్తిడిగా తోచిందా అన్నది విన్నవాడి మనసుకు సంబంధించిన సంగతి. మొదటి ప్రశ్న వేస్తే రెండోదానికి జవాబు చెప్పి, మొదటిది అలాగే వదిలేశారు.

మెయిన్ రాష్ట్ర సెనేటర్ ఆంగస్ కింగ్ అప్పుడు అడగవలసిన మాటే అడిగారు. జవాబు చెప్పనని మీరంటున్నది ఏ చట్టం ఆధారంగా అన్నారు. తన వద్ద చట్టపరమైన ఆధారం ఉందని కచ్చితంగా చెప్పలేనని కోట్స్ ఒప్పుకున్నారు. చెప్పడం సముచితం కాదని తనకు అనిపిస్తోందని రోజర్స్ అన్నారు. మీకేమనిపిస్తోందన్నది ఇక్కడ అప్రస్తుతమని కింగ్ ముఖం మీదే చెప్పారు. వారం తిరగకముందే సెషన్స్ వచ్చి మరో దారి తొక్కారు. అధ్యక్షుడికి గోప్యతా హక్కు ఉంది, దాన్ని ఆయన ఇంకా వినియోగించుకోలేదు, రేపు వినియోగించుకోవచ్చు కాబట్టి ఈ రోజు నేను నోరు విప్పను అన్నారు. సాక్షి అయితే జవాబు చెప్పాలి, లేదంటే ఇది రహస్య సమాచారం, మూసిన తలుపుల సమావేశంలో చెబుతానని అనాలి, అదీ కాకపోతే ఫలానా హక్కు కింద చెప్పనని అనాలి, ఈ మూడూ కాని నాలుగో అర ఏదీ లేదని సెనేటర్ మార్టిన్ హైన్‌రిక్ ఆయనకు గుర్తుచేశారు. అయినా ఆయన కదలలేదు.

దేశాధినేత తన సలహాదారులతో మనసు విప్పి మాట్లాడుకునే వీలు ఉండాలన్న వాదనను నేను కొట్టిపారేయడం లేదు. ప్రతి మాటా బజారున పడుతుందంటే ఏ అధికారీ నిజమైన సలహా ఇవ్వడు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1974 జూలై 24న అప్పటి అధ్యక్షుడు నిక్సన్ కేసులో అటువంటి గోప్యత ఉందని అంగీకరించింది. అంగీకరిస్తూనే, నేర విచారణకు సాక్ష్యం కావలసి వచ్చినప్పుడు ఆ గోప్యత అడ్డుగోడ కాలేదని 8-0తో తీర్పిచ్చింది. నిక్సన్ తన గదిలో టేపులు తిప్పుతున్నారన్న సంగతి అంతకు ఏడాది ముందు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే అధికారి సెనేట్ కమిటీ ముందు సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం వల్ల బయటపడింది. ఆయన కూడా సముచితం కాదని అనిపిస్తోందని ఊరుకుని ఉంటే ఆ టేపుల సంగతే లోకానికి తెలిసేది కాదు. ఇప్పుడు ట్రంప్ కూడా మే 12న ట్విట్టర్‌లో కోమీతో తన సంభాషణల టేపుల ప్రస్తావన తెచ్చారు. అవి ఉన్నాయో లేవో ఈ ఉత్తరం రాస్తున్న రోజు వరకూ చెప్పలేదు. ఉంటే బాగుండునని కోమీ అన్నారు. మాట్లాడిన ఇద్దరిలో ఒకరు రికార్డు బయటికి రావాలని కోరుకుంటుంటే రెండోవారు అది ఉందో లేదో చెప్పకుండా నాన్చుతున్నారు. దీన్ని బట్టి పాఠకులు ఏ తీర్మానానికి రావాలో నేను చెప్పను, కానీ ఆ తేడా మాత్రం గమనించాలి.

ఇక కోమీ సంగతి. ఫిబ్రవరి 14న ఓవల్ ఆఫీసులో సమావేశం ముగిశాక అధ్యక్షుడు అందరినీ బయటికి పంపి తనను ఒక్కడినే ఉండమన్నారని, సెషన్స్, అధ్యక్షుడి అల్లుడూ సలహాదారూ అయిన కుష్నర్ తటపటాయిస్తూ చివరికి వెళ్లిపోయారని ఆయన చెప్పారు. అంతకు ముందు రోజే రాజీనామా చేసిన జాతీయ భద్రతా సలహాదారు మైకేల్ ఫ్లిన్ మంచివాడని, ఆయనపై దర్యాప్తు వ్యవహారాన్ని వదిలేయగలరని ఆశిస్తున్నానని అధ్యక్షుడు తనతో అన్నారని చెప్పారు. మధ్యలో గది మూల నిలువు గడియారం పక్కనున్న తలుపు తెరుచుకుని చీఫ్ ఆఫ్ స్టాఫ్ తొంగిచూస్తే, తలుపు మూయమని అధ్యక్షుడు చేత్తో సైగ చేశారట. అలాంటి ఆదేశంగానీ సూచనగానీ అధ్యక్షుడు ఎన్నడూ ఇవ్వలేదని ఆయన న్యాయవాది అదే రోజు ఖండించారు. ఎవరి మాట నిజమో తేల్చడం నా వల్ల కాదు. కానీ ఆ తలుపు దగ్గరి వివరం విన్నప్పుడు నాకు నా పాత ఆఫీసులోని ఒక మధ్యాహ్నం కళ్లకు కట్టింది.

మన ఆఫీసుల్లో ఫైలు నడిచే తీరు తెలియని పాఠకుల కోసం ఒక మాట. గుమాస్తా నోట్ ఫైలులో పేరాలకు నంబర్లు వేసి విషయం, నిబంధన, తన అభిప్రాయం రాసి పైకి పెడతాడు. పై అధికారికి ఆ అభిప్రాయం నచ్చకపోతే కాదని రాయవచ్చు, కారణం చూపవచ్చు. చాలాసార్లు ఆ రెండూ చేయరు. నోట్ అంచున ఆకుపచ్చ సిరాతో ఒక్క మాట రాసి పొట్టి సంతకం పెడతారు: "స్పీక్". అంటే వచ్చి మాట్లాడు అని. గుమాస్తా లోపలికి వెళ్తాడు, వస్తాడు. తర్వాతి పేరా "చర్చించిన మేరకు" అని మొదలవుతుంది. "స్పీక్"కూ "చర్చించిన మేరకు"కూ మధ్య ఏం జరిగిందో ఫైలులో ఎక్కడా ఉండదు. ఆ ఖాళీలో ఎన్ని చెరువులు, ఎన్ని బంచరాయి (ఊరుమ్మడి మేత) భూములు మాయమయ్యాయో నాలాంటివాళ్లకు తెలుసు.

తొంభైల నాటి మాట. నేను పనిచేసిన ఆఫీసు పేరుగానీ అధికారి పేరుగానీ రాయను. ఒక చెరువు శిఖం (నీళ్లు నిలిచే) భూమిలో ఇటుక బట్టీకి అనుమతి అడుగుతూ దరఖాస్తు వచ్చింది. పహాణీ (భూమి రికార్డు) చూసి, గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) నివేదిక చూసి, శిఖం భూమి కాబట్టి అనుమతి ఇవ్వరాదని రాశాను. మూడో రోజు ఫైలు "స్పీక్" అని వచ్చింది. లోపలికి వెళ్లాను. ఆయన అటెండర్‌ను టీ తెమ్మని పంపి తలుపు దగ్గరికి వేయమన్నారు. "మీరు సీనియర్లు, అర్థం చేసుకుంటారు. ఎండాకాలం ఒక్కటే కదా, నీళ్లొస్తే వాళ్లే లేచిపోతారు" అన్నారు. ఫలానా విధంగా రాయమని ఆయన నాకు చెప్పలేదు. నేనూ రాయనని చెప్పలేదు. బయటికి వచ్చి, "చర్చించిన మేరకు, తాత్కాలిక ప్రాతిపదికన పరిశీలించవచ్చును" అని నా చేత్తోనే రాశాను.

నీళ్లొచ్చినా బట్టీ లేవలేదు. రెండేళ్లకు ఆయకట్టు రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నాక విచారణ జరిగింది. విచారణాధికారి నా రాతను వేలితో చూపి, ఎవరితో చర్చించారు, ఏం చర్చించారు అని అడిగారు. చెప్పాను. కాగితం ఉందా అన్నారు. లేదు. అప్పటికి బదిలీపై వెళ్లిపోయిన ఆ అధికారి, అలాంటి సంభాషణ తనకు గుర్తులేదని ఒక వాక్యంలో రాసి పంపారు. నాకు రెండు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. అది నాకు తగిన శిక్షేనని ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే రాసింది నా చెయ్యే. కానీ ఆ తలుపు వెనక జరిగిన మాట గురించి ఆయనను ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి అడగలేదు. ఆ చెరువు కింద భూములున్న రైతులకు ఆ జవాబు ఈనాటికీ అందలేదు.

అందుకే ఇది తప్పని అధ్యక్షుడితో అక్కడికక్కడే ఎందుకు అనలేకపోయారని సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ అడిగినప్పుడు, నేను ఇంకాస్త గట్టివాడినైతే అని ఉండేవాడినేమో, ఆ మాట విని నివ్వెరపోయాను అని కోమీ చెప్పిన జవాబు నన్ను కదిలించింది. ఆయన అక్కడ అనలేకపోయినా వెంటనే మెమో రాసుకున్నారు. అంతకు ముందు జనవరి 6న ట్రంప్‌ను మొదటిసారి కలిసి వచ్చినప్పుడైతే బయట కారులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో రాయడం మొదలుపెట్టారట. అదే నేను చేయని పని. అయితే ఉద్యోగం పోయాక మెమోలోని విషయాన్ని ఒక మిత్రుడి ద్వారా పత్రికకు అందించడం నాకు నచ్చలేదు. ప్రత్యేక విచారణాధికారి నియామకం కోసమే అలా చేశానని ఆయన చెప్పారు, మే 17న ఆ నియామకం జరిగింది కూడా. అయినా రాసిన కాగితం వెళ్లవలసిన చోటు ఫైలు, అక్కడి నుంచి విచారణ సంఘం. దొడ్డిదారిన వచ్చిన నిజాన్ని కూడా జనం అనుమానంతోనే చూస్తారు.

ఇదంతా అమెరికా గొడవ అని పాఠకులు అనుకోవద్దు. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో జరిగింది గుర్తుచేసుకోవాలి. ఎమర్జెన్సీ ప్రకటించమని ప్రధాని ఇందిరాగాంధీ రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు రాసిన లేఖ, "కొద్దిసేపటి క్రితం మీకు వివరించినట్లుగా" అన్న అర్థం వచ్చే మాటలతోనే మొదలవుతుంది. అది మా ఆఫీసు భాషలో "చర్చించిన మేరకు" తప్ప మరొకటి కాదు. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మరునాటి ఉదయం. మంత్రివర్గ సలహా లేకుండా ఇలా చేయడం రాజ్యాంగం ప్రకారం కుదరదని తాను రాష్ట్రపతికి చెప్పానని, తాను గది బయటికి వెళ్లి కాసేపటికి తిరిగివచ్చేసరికి ప్రకటనపై సంతకం అయిపోయిందని రాష్ట్రపతి కార్యదర్శి కె. బాలచంద్రన్ తర్వాత ఎమర్జెన్సీ అక్రమాలపై విచారణ జరిపిన షా కమిషన్‌కు చెప్పారు. ఒక దేశాధినేతతో తాను ఏకాంతంగా మాట్లాడిన మాటను ఒక అధికారి విచారణ సంఘం ముందు చెప్పిన సందర్భం అది. దానివల్ల దేశానికేమీ నష్టం జరగలేదు. కానీ ఆ "కొద్దిసేపటి క్రితం" ప్రధాని ఏం వివరించారు, రాష్ట్రపతి ఏమడిగారు అన్నది మాత్రం తేలలేదు. కమిషన్ ఏర్పడేనాటికే రాష్ట్రపతి కన్నుమూశారు. ఇందిరాగాంధీ 1978 జనవరిలో కమిషన్ ముందుకు వచ్చి కూడా ప్రమాణం చేయడానికి నిరాకరించారు. మంత్రిగా చేసిన గోప్యతా ప్రమాణాన్ని ఆమె అడ్డం పెట్టుకున్నారు. మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారి విషయంలోనూ కాలం ఇలాగే చేసింది. బాబ్రీ మసీదు కూల్చివేతపై లిబర్‌హాన్ కమిషన్ నివేదిక ఇచ్చింది 2009లో, ఆయన కన్నుమూసింది 2004లో. జవాబులు వాయిదా పడే కొద్దీ సాక్షులు మిగలరు.

మందు మన దగ్గర లేక కాదు. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1968లోనే వచ్చాయి. పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలని, తప్పనిసరై నోటిమాటగా చెబితే వెంటనే రాసి ధ్రువీకరించాలని, కింది అధికారి కూడా ఆ ధ్రువీకరణ అడిగి తీసుకోవాలని 3వ నియమం చెబుతోంది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 అక్టోబర్ 31న అదే విషయాన్ని గట్టిగా చెప్పింది. నోటిమాట ఆదేశాలపై అధికారులు పనిచేయకూడదని, అలా చేస్తే సమాచార హక్కు చట్టానికే అర్థం ఉండదని పేర్కొంది. నిజమే కదా, కాగితమే లేనప్పుడు పౌరుడు దరఖాస్తు పెట్టి అడిగేదేమిటి? ఆ తీర్పు వచ్చి మూడున్నరేళ్లు దాటింది. ఇప్పుడు కొత్త జిల్లాలు వచ్చాయి, కొత్త కలెక్టరేట్లు వచ్చాయి, ఫైళ్లు పంచుకున్నారు. ఉద్యోగంలో ఉన్న మా వాళ్లను అడిగితే "స్పీక్" మాత్రం ఏ జిల్లాకూ బదిలీ కాకుండా అన్ని చోట్లా ఉందంటున్నారు.

సంపాదకులు గారూ, మీ పత్రికకు నా విన్నపం ఒకటే. విచారణ సంఘం ముందు అధికారి హాజరైన ప్రతిసారీ, అది వాషింగ్టన్‌లో గానీ మన అసెంబ్లీ కమిటీ ముందు గానీ, ఆయన చెప్పిన మాటల పక్కనే ఆయన జవాబివ్వని ప్రశ్నలను కూడా, ఏ కారణం చూపారో ఆ కారణంతో సహా అచ్చువేయండి. నెల తర్వాత, ఏడాది తర్వాత మళ్లీ వేయండి. ప్రమాణం చేసి మాట్లాడటానికి తాను 100 శాతం సిద్ధమని ట్రంప్ ఈ నెల 9న విలేకరుల ముందు అన్నారు. ఆ రోజంటూ వస్తే రష్యా కంటే ముందు, ఫ్లిన్ కంటే ముందు ఆయనను అడగవలసినది ఫిబ్రవరి 14న ఆ గదిలో నుంచి మిగతావారిని ఎందుకు పంపించారని. ఆ జవాబు మీ పత్రికలో చదవాలని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
హన్మకొండ, 2017 జూన్ 16.