నలికిరికి రెండు గజాల తడిమట్టి వదలండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. విశాఖ చుట్టుపక్కల చెరువుగట్ల సుందరీకరణపై సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన రెండు అర్జీలూ ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. పనులన్నీ ఎండాకాలంలోనే చేస్తారు. అవి మొదలయ్యాక ఎంత మొత్తుకున్నా లాభం లేదని ఇలా రాస్తున్నాం.

నలికండ్ల పాము అని జనం కర్ర ఎత్తేది గడ్డి నలికిరినే. అది పాము కాదు, దానికి విషం లేదు, బల్లులకు చుట్టం. వీపు మీది ఒక్కో పొలుసుకూ సాధారణంగా మూడేసి సన్నని గీరలుంటాయి. పొద్దుటెండలో ఒళ్ళు కంచులా మెరుస్తుంది. మిడతలు, కీచురాళ్ళు, గొంగళిపురుగులు దాని తిండి. కాళ్ళే లేని ఇంకో నలికిరిని 1801లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఈ విశాఖపట్నమే. ఇలాంటి ఊళ్ళో నలికిరికి చోటు కరవవడం మాకు బాధగా ఉంది.

అసలు చిక్కు గుడ్డు దగ్గర వస్తుంది. దాని పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, పలచని తోలులా ఉంటుంది. మట్టిలోని చెమ్మను పీల్చుకుని ఉబ్బుతూ పెరుగుతుంది. మట్టి ఎండితే సొట్టబోతుంది. నీళ్ళు నిలిస్తే లోపలి పిల్లకు ఊపిరాడదు. అంటే మునగని, ఎండని నేల కావాలి. వేసవిలో చెరువు లోపలికి తగ్గేకొద్దీ అలాంటి నేల నీటి అంచుకు కాస్త ఎగువన సన్నని పట్టీగా మిగులుతుంది. పురుగూ అక్కడికే చేరుతుంది, నలికిరీ అక్కడికే చేరుతుంది.

సరిగ్గా ఆ పట్టీ మీదికే జేసీబీ వస్తుంది. ముందు తుంగ, జమ్ము వేళ్ళతో సహా పెకలిస్తారు. పీకినదాన్ని అక్కడే తగలబెడతారు. తరువాత పూడిక తీసి గట్టువాలు మీదే పోస్తారు. ఆ బురద అరడుగు మందాన ఎండి, పెచ్చుకట్టి, కింది గుడ్లను పూడ్చేస్తుంది. చివరికి రాయి పరిచి సందులన్నీ సిమెంటుతో మూసేస్తారు. మధ్యాహ్నానికి ఆ రాయి పెనంలా కాలుతుంది. దూరడానికి వేలెడు సందు ఉండదు. తోక తెంపుకుని పారిపోదామన్నా దాక్కునే చోటేదీ? కాకికి, కొంగకు దొరికిపోతుంది.

2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికి, తాగునీటికి కట్టిన చెరువులకు వర్తించవని మాకూ తెలుసు. మేం అడిగేది ఎస్టిమేటులో ఒక్క వరుస చేర్చమనే. ఒక వైపు గట్టునైనా, నీటి అంచు నుంచి రెండు గజాలు, మట్టిగా వదలండి. రాయి తప్పదంటే సిమెంటు లేకుండా పేర్చి సందుల్లో మట్టి నింపించండి. గడ్డిని ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం కోయించండి, తగలబెట్టనివ్వకండి. పూడికను గట్టు దాటించి పోయించండి. పడిన తాటిమొద్దుల్ని అక్కడే ఉండనివ్వండి.

అయ్యా, మళ్ళీ అదే వేడుకుంటున్నాం. ఒక్క వైపు వదలండి చాలు. ఈసారి జేసీబీ గట్టు దిగకముందే ఆ ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
చెరువుగట్లను కనిపెట్టుకుని ఉన్న కొందరం,
విశాఖపట్నం